రెండంగుళాలు తీసేసి చదవాలి

క్యాంపర్ తలుపు మీద నారింజ రంగు కాగితం అంటించి పోయారన్న సంగతి ఆర్లిస్‌కి మొదట చెప్పింది పక్కింటి కొరీనే. ఆర్లిస్ అప్పుడు వంటింట్లో రూబార్బ్ కాడలు తరుగుతోంది. కొరీన్ వెనక తలుపు మోచేత్తో తోసుకుని వచ్చింది. రెండు చేతుల్లోనూ ఓవెన్లోంచి అప్పుడే తీసిన, పొగలు కక్కుతున్న హాట్‌డిష్ గిన్నె, భుజం మీద తువ్వాలు.

"ఆర్లిస్, నువ్వు చూశావో లేదో గానీ, మీ బండికి మునిసిపాలిటీ వాళ్ళు ఏదో అంటించి పోయారే. ఇప్పుడే, పావుగంట అయిందేమో. నా గుండె దడదడలాడిపోయిందనుకో!"

ఆర్లిస్ కత్తి పడేసి తడిచేతులతోనే బయటికి పరిగెత్తింది. ఇంటి పక్కన, కంచె వారన, ఆరేళ్ళుగా కదలకుండా నిలబడి ఉన్న క్యాంపర్ అది, చక్రాల మీది చిన్న ఇల్లు. ఒకప్పుడు మొగుడు మైలో, తనూ దాన్ని ట్రక్కుకి తగిలించుకుని చెరువుల వెంట చేపలకి తిరిగేవాళ్ళు. ఇప్పుడు దాని తలుపు మీద, అంటువ్యాధి ఉన్న ఇంటికి వేసినట్టు, ఆ కాగితం.

అందులో మూడు నేరాలు రాసి ఉన్నాయి. ఇంటి ముందు భాగంలో కంచె నాలుగడుగులు మించకూడదు, మీది నాలుగడుగుల రెండంగుళాలు ఉన్నట్టు ఫిర్యాదు. ఇంటి పక్కన నిలిపే బండి ఇరవైనాలుగడుగులు మించకూడదు, మీది ఇరవైనాలుగడుగుల రెండంగుళాలు ఉన్నట్టు ఫిర్యాదు. నిలిపి ఉంచిన బండిలో ఏడాదికి పద్నాలుగు రోజులకు మించి ఎవరూ నిద్ర చేయకూడదు, మీ బండిలో ఏప్రిల్ నుంచి ఒక మనిషీ ఒక కుక్కా కాపురం ఉంటున్నట్టు ఫిర్యాదు. ఫిర్యాదు చేసినవారు ఈ ఊరి నివాసి. పేరు గోప్యం. వచ్చే వారం కాక ఆపై గురువారం ఉదయం ఉద్యోగి వచ్చి కొలతలు చూస్తారు.

మొదటి రెండింటికి ఆర్లిస్ చలించలేదు. కంచె ఎక్కువైతే రంపంతో కోసుకోవచ్చు. మూడోది చదివాక మాత్రం క్యాంపర్ మెట్టు మీదే కూలబడింది.

ఆ మనిషి ఆమె తమ్ముడు లైల్. ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసి నడుం పోగొట్టుకున్నవాడు. అతను అద్దెకున్న ఇల్లు చలికాలంలో యజమాని అమ్మేశాడు. అరవై దాటినవాళ్ళకి జిల్లా వాళ్ళు కట్టించిన అపార్ట్‌మెంట్ల కోసం రెండేళ్ళుగా జాబితాలో ఉన్నాడు. ఇప్పుడు అతని పేరు రెండోది. అక్టోబరుకి గది ఖాయం, కుక్కనీ ఉండనిస్తారు. అయితే ఒక షరతుంది. గది వచ్చేదాకా జిల్లా దాటి వేరేచోట కాపురం పెట్టకూడదు. పెడితే పేరు కొట్టేస్తారు. అక్టోబరు దాకా తల దాచుకోవాలి, అంతే.

ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. లైల్‌తో పాటు పెప్పర్ ఉంది. సగం చెవుడు వచ్చిన ముసలి కుక్క. మైలోకి కుక్క బొచ్చు పడదు. పోయిన క్రిస్మస్‌కి లైల్ రెండు రోజులు ఉండిపోతే మైలో మూడో రోజు ఆస్పత్రిలో ముక్కుకి గొట్టాలు పెట్టుకుని కనపడ్డాడు. పెప్పర్‌ని ఎవరికైనా ఇచ్చెయ్యమని లైల్‌తో అనే ధైర్యం ఎవరికీ లేదు. భార్య నోరీన్ పోయిన రోజు నుంచి అతనితో మాట్లాడే జీవి అదొక్కటే. కాబట్టి అక్కా బావల బండిలో తమ్ముడూ కుక్కా.

ఈ సంగతి ఆర్లిస్ ఊళ్ళో ఒక్క మనిషికే చెప్పింది. ఆ మనిషి ఇప్పుడు పక్కనే నిలబడి, భుజం మీద చెయ్యి వేసి కాగితం చదువుతోంది.

"ఎవడో పనీపాటా లేనివాడు చేసుంటాడు" అంది కొరీన్. "ఇలాంటి పని చేసినవాళ్ళకి అసలు నిద్రెలా పడుతుందే? నువ్వు బెంగపడకు తల్లీ. పద, ముందు నాలుగు ముద్దలు తిను. తిండి మానేస్తే వాళ్ళే గెలిచినట్టు."

"ఎవరై ఉంటారంటావ్?"

"నేనెందుకులే ఒకళ్ళ పేరు ఎత్తడం" అంటూనే కొరీన్ వీధి చివరికి చూసింది. అక్కడ మూలింట్లో రూబెన్ ఉంటాడు. ట్రక్కు తోలుకుంటాడు, ఊరికి వచ్చి రెండేళ్ళే. "కొత్తగా వచ్చినవాళ్ళకి రూల్సంటే మహా ముచ్చట కదా. ఆయన పొద్దున్నే నాలుగింటికి బయల్దేరతాడు. బండిలో దీపం వెలగడం చూసే ఉంటాడు. నేనేం అనటం లేదనుకో."

అనటం లేదనుకో అంటూనే అనేసింది. ఆ మర్నాటి నుంచి రూబెన్ ట్రక్కులోంచి చెయ్యి ఊపితే ఆర్లిస్ మొహం పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టింది. పాపం అతను మొదటి రోజు ఊపాడు, రెండో రోజు ఊపాడు, వారం తిరిగేసరికి ఊపడం మానేశాడు.

టిల్మర్ ఊరి మర్యాదల గురించి ఒక మాట చెప్పాలి. మిన్నెసోటా రాష్ట్రంలో అన్ని చిన్న ఊళ్ళదీ ఇదే వరస. ఇక్కడ ఎవరూ ఎవర్నీ మొహం మీద ఒక్క మాట అనరు. పక్కింటి కుక్క రాత్రంతా మొరిగితే "మీ కుక్కకి మంచి గొంతుందండీ" అంటారు, అవతలివాళ్ళు అర్థం చేసుకోవాలి. కాఫీ పోస్తానంటే మొదటిసారి వద్దంటారు, రెండోసారీ వద్దంటారు, మూడోసారి "సరే, మీరంతగా అంటుంటే" అని కప్పు ముందుకు జరుపుతారు. మొదటిసారే ఔనన్నవాణ్ణి మొహం వాచినవాడిలా చూస్తారు. రెండోసారితో అడగడం మానేసినవాణ్ణి పిసినారి అంటారు. కోపం వస్తే ఇంకాస్త మర్యాద పెరుగుతుంది. ఈ మర్యాదల్లో తడిగుడ్డతో గొంతు కోయడం కూడా ఒకటని ఆర్లిస్‌కి అరవై ఏడేళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

కొరీన్‌తో స్నేహం ముప్ఫై నాలుగేళ్ళది. కంచె దానికన్నా మూడేళ్ళు చిన్న. ఆర్లిస్ వాళ్ళ స్థలంలోనే, సరిహద్దుకి కొద్దిగా ఇవతల, మైలో, కొరీన్ మొగుడు డ్వేన్ కలిసి రెండు రోజుల్లో కట్టారు. నున్నటి వైపు పక్కింటికి, గుంజలూ అడ్డకర్రలూ కనపడే వైపు కట్టుకున్నవాళ్ళకి. ఊరి రూలూ అదే, మర్యాదా అదే. కాబట్టి ముప్ఫై ఒక్కేళ్ళుగా కొరీన్ కంచె అందం చూస్తోంది, ఆర్లిస్ కంచె ఎముకలు చూస్తోంది. ఆర్లిస్‌కి ఏనాడూ అది లోటనిపించలేదు. నాలుగడుగుల కంచె మీద మోచేతులు ఆన్చి ఇద్దరూ ఎన్ని వేసవులు గడిపారో లెక్కలేదు. డ్వేన్ చనిపోయిన ఏడాది కొరీన్ అక్కడే నిలబడి ఏడ్చింది. ఆర్లిస్ ఇవతల నుంచి పట్టుకుంది, మధ్యలో చెక్కలు గుచ్చుకుంటున్నా సరే.

ఇక కొలతల టేపు సంగతి. ఆ కంచె కట్టే రోజునే మైలో కొత్త టేపు గడ్డిలో మరిచిపోతే, డ్వేన్ దాని మీంచి గడ్డికోత మిషన్ తోలేశాడు. ఠంగుమని చప్పుడు. చూస్తే మొదటి రెండంగుళాలు తెగి ఎటో ఎగిరిపోయాయి. డ్వేన్ లబలబలాడాడు, కొత్తది కొనిస్తానన్నాడు. వంగిపోయిన మేకుని కూడా పారేయని మనిషి మైలో. తెగిన కొస లోపలికి జారిపోకుండా నల్ల ప్లాస్టిక్ పట్టీ చుట్టి, "పోయింది రెండంగుళాలేగా, మిగతాదంతా బంగారంలా ఉంది. చదివినదాంట్లో రెండు తీసేస్తే సరి" అన్నాడు. నలుగురూ గడ్డిలో చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. అప్పుడు గ్లాసుల్లో నిమ్మరసం పోస్తున్నది కొరీనే.

ఆ మాట ఇంట్లో సామెతైపోయింది. డ్వేన్ ఇరవై అంగుళాల చేప పట్టానంటే "రెండు తీసెయ్" అనేవాడు మైలో. ఎవరైనా జీతం చెప్పినా, వయసు చెప్పినా, "రెండు తీసెయ్." ముప్ఫై ఏళ్ళ పాటు కంచెకి అటూ ఇటూ ఆ మాటకి నవ్వుతూనే ఉన్నారు. కంచె కట్టిందీ ఆ టేపుతోనే. యాభై అంగుళాల గీత దగ్గర చెక్క కోశారు, రెండు తీసేస్తే కచ్చితంగా నాలుగడుగులు.

మొన్న మే నెలలో కొరీన్ ఆ టేపే అడిగింది.

"కంచె వెంట లైలాక్ మొక్కలు వేద్దామనుకుంటున్నానే. గుబురుగా పెరిగితే మీ బండి వీధిలోకి కనపడదు, లైల్ మీద ఎవరి కళ్ళూ పడవు. బండి ఎంత పొడుగో తెలిస్తే ఎన్ని మొక్కలు కావాలో లెక్క వేసుకోవచ్చు. కంచె ఎత్తు కూడా చూద్దాం."

ఆర్లిస్‌కి కళ్ళు చెమర్చాయి. తనకి తట్టని ఆలోచన కొరీన్‌కి తట్టింది! టేపు కొస తనే పట్టుకుని క్యాంపర్ ముందు మూలన నిలబడింది. కొరీన్ అవతలి మూల దాకా లాక్కెళ్ళి, చర్చి కరపత్రం వెనకాల పెన్సిల్‌తో అంకెలు రాసుకుంది. "గట్టిగా పట్టుకో ఆర్లిస్, వదలకు" అంది. ఆర్లిస్ వదల్లేదు. రెండు తీసెయ్యమని కూడా చెప్పలేదు. కొరీన్‌కి అది చెప్పడమేమిటి? నీళ్ళు తడిగా ఉంటాయని చెప్పినట్టుంటుంది.

గురువారం ఉదయం తొమ్మిదింటికి మునిసిపల్ ఆఫీసు నుంచి హౌగెన్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, చేతిలో అట్ట, నడుముకి మెరిసే కొత్త టేపు. ఆర్లిస్ ఇరవయ్యారేళ్ళు ఊరి బడిలో పిల్లలకి వంట చేసింది. ఇతను రెండో గరిటె కోసం పళ్ళెం పట్టుకుని నిలబడిన రోజులు ఇంకా ఆమె కళ్ళకి కట్టినట్టున్నాయి.

"నన్ను తిట్టుకోకండి ఆర్లిస్ గారూ. ఫిర్యాదు వస్తే రాక తప్పదు."

"నిన్నెందుకు తిడతాను బాబూ. కాఫీ తాగుతావా?"

"వద్దండీ, పర్లేదు."

"చిన్న కప్పు?"

"అబ్బే, వద్దండీ."

"కాచే ఉంచాను, పారబొయ్యాలి లేకపోతే."

"సరే మరి, మీరంతగా అంటుంటే."

మైలో కుర్చీ బయటికి తెచ్చుకుని తీర్పు వినేవాడిలా కూర్చున్నాడు. లైల్ క్యాంపర్ లోపలే ఉన్నాడు, కిటికీ తెర దించుకుని. కొరీన్ ఎర్ర స్వెట్టర్ వేసుకుని వచ్చి ఆర్లిస్ పక్కనే నిలబడింది. "నువ్వొక్కదానివే ఉండటం నాకిష్టం లేదు" అంది. చెయ్యి మళ్ళీ భుజం మీదికి వచ్చింది.

హౌగెన్ కంచె మూడు చోట్ల కొలిచాడు. నేల మీద మోకాలు ఆన్చి, కళ్ళు చికిలించి చూశాడు. తర్వాత క్యాంపర్ ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాడు, మళ్ళీ వెనక్కి కొలిచాడు. అట్ట మీది కాగితం చూసి బుర్ర గోక్కున్నాడు.

"కంచె నలభై ఎనిమిది అంగుళాలు. సరిగ్గా నాలుగడుగులు. బండి ఇరవైనాలుగడుగులు, వెంట్రుకవాసి ఎక్కువా లేదు తక్కువా లేదు. రెండూ రూలు ప్రకారమే ఉన్నాయండీ!"

"నేను చెప్పలా?" అన్నాడు మైలో కుర్చీలోంచి. "నేను కోసిన చెక్క నాకు తెలీదూ?"

"మరి వీళ్ళకి ఎలా వచ్చిందో ఈ లెక్క. రెండు చోట్లా సరిగ్గా రెండంగుళాలు ఎక్కువ రాశారు. ఒకచోట పొరబడ్డారంటే సరే, రెండుచోట్లా ఒకే పొరపాటా? కొలిచినవాళ్ళ టేపే తప్పుడుదై ఉండాలి."

మైలో పకపకా నవ్వాడు. "అయితే రెండు తీసె..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆర్లిస్ వైపు చూశాడు. ఆర్లిస్ అతని వైపు చూడలేదు.

"కొలవడం కూడా చేతకానివాళ్ళు ఫిర్యాదులెందుకు చేస్తారో" అంది కొరీన్, భుజం నొక్కుతూ.

ఆర్లిస్ ఆ చేతి వంక చూసింది. వేలికి డ్వేన్ పెట్టిన ఉంగరం. గోళ్ళ కింద తోటమట్టి. ముప్ఫై నాలుగేళ్ళుగా తెలిసిన చెయ్యి అది. తను గట్టిగా పట్టుకుని నిలబడిన టేపుకి రెండో చివర ఉన్న చెయ్యి. నోటీసు అంటించిన పావుగంటకే వేడివేడిగా దిగిన హాట్‌డిష్ గుర్తొచ్చింది. ఆ వంటకం ఓవెన్లో గంటసేపు ఉండాలి. ఇరవయ్యారేళ్ళు వంట చేసిన మనిషి ఆ లెక్క ఆ రోజే కట్టి ఉండాల్సింది. గంట ముందే పొయ్యి వెలిగించి, కిటికీ దగ్గర నిలబడి కాగితం కోసం ఎదురుచూసిందన్నమాట! కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎవరు?

ఆర్లిస్ అరవలేదు. ఆ ఊరి మనిషి కదా. "నీ కాఫీ చల్లారిపోతోంది బాబూ" అంది హౌగెన్‌తో.

హౌగెన్ కాఫీ ఒక గుక్క తాగి, బూట్ల వంక చూసుకున్నాడు. "మూడోదానికి కొలతలుండవండీ. మీరు ఏం చెబితే అది రాసుకుంటాను. ఇందులో ఎవరైనా పడుకుంటున్నారా?"

దారి చూపించాడు పాపం. ఆర్లిస్ అబద్ధం సిద్ధం చేసుకునే ఉంది. తమ్ముడు చేపలకి వచ్చినప్పుడు ఒక పూట నడుం వాలుస్తాడు, అంతే, అని పది రోజులుగా అద్దం ముందు చెప్పుకుంటోంది. కానీ అబద్ధమాడాలంటే నిజం తెలిసిన మనిషి ఆనుకుని నిలబడి ఉండకూడదు.

క్యాంపర్ తలుపు తెరుచుకుంది. లైల్ పెప్పర్‌ని చంకలో పెట్టుకుని మెట్టు దిగాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"నేనే పడుకుంటున్నాను బాబూ. ఏప్రిల్ నుంచి. మా అక్కచేత అబద్ధం చెప్పించొద్దు."

"అయ్యో లైల్" అంది కొరీన్. ఆ అయ్యో నిజంగానే పలికింది. ఆర్లిస్‌కి అన్నిటికంటే అదే ఎక్కువ మండింది.

పది రోజులు గడువిచ్చాడు హౌగెన్. కావాలంటే ప్రత్యేక అనుమతికి అర్జీ పెట్టుకోవచ్చన్నాడు. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఉత్తరాలు వెళ్తాయి, జులైలో మునిసిపల్ హాల్లో విచారణ ఉంటుంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి మాట్లాడొచ్చు.

"వద్దు" అన్నాడు లైల్. "నేనెక్కడ పడుకోవాలో మడతకుర్చీల్లో కూచుని ఊరంతా మాట్లాడుకోవడం నాకొద్దు."

ఆ సాయంత్రం మైలో భోజనం ముందు కూర్చుని పళ్ళెంలోది ఫోర్కుతో కెలుకుతూ అడిగాడు. "టేపు ఎక్కడుంది?"

"నీకు తెలుసు ఎక్కడుందో. మే నెలలో తీసుకెళ్ళింది, తిరిగివ్వలేదు."

"ఇంకెవరి టేపు అయినా పాడయి ఉండొచ్చుగా."

"సరిగ్గా రెండంగుళాలేనా, మైలో?"

మైలో ఫోర్కు కింద పెట్టాడు. "పోనీ ఒక పని చేద్దాం. లైలూ కుక్కా ఇంట్లో పడుకుంటారు, నేను బండిలో పడుకుంటా" అన్నాడు. రూలు లైల్ ఒక్కడికే కాదు, మనుషులందరికీనని ఆర్లిస్ చెప్పాల్సి వచ్చింది. మైలో నవ్వబోయి దగ్గాడు.

లైల్ ఎక్కడెక్కడో ఫోన్లు చేశాడు. చెరువు గట్టు క్యాంపు స్థలాలు వేసవంతా నిండిపోయాయి, దొరికినా అక్కడా పద్నాలుగు రోజులే. చివరికి ఉత్తర డకోటాలో పిన్ని కొడుకు తన పొలంలో షెడ్డు ఖాళీగా ఉందన్నాడు. అంటే జిల్లా దాటడమే కాదు, రాష్ట్రమే దాటడం. జాబితా ఆఫీసుకి లైల్ తనే ఫోన్ చేసి, "నా పేరు కొట్టేసుకోండి, పాపం వెనకున్నవాళ్ళకి ముందుకు జరుగుతుంది" అని చెప్పాడట. ఆ మాట మైలో చెబితే ఆర్లిస్ స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

శనివారం పొద్దున తన పాత పికప్‌లో బయల్దేరాడు. పెప్పర్ ముందు సీట్లో కూర్చుని అద్దంలోంచి అందరినీ చూస్తోంది.

"బెంగపెట్టుకోకు అక్కా. డకోటాలో గాలి ఎక్కువ, దీని బొచ్చంతా ఎగిరిపోతుంది. ఆ తర్వాత బావ దగ్గరికి తీసుకొస్తా."

"నోర్ముయ్యి వెధవా" అంది ఆర్లిస్. కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని కాలరు సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

క్యాంపర్ ఎలా ఇచ్చారో అంతకన్నా శుభ్రంగా ఉంది. కప్పు కడిగి బోర్లించాడు, దుప్పటి నాలుగు మడతలు పెట్టాడు. బల్ల మీద జాబితా వాళ్ళ ఉత్తరం వదిలేశాడు. రెండేళ్ళు జేబులో తిరిగి మడతల దగ్గర చిరుగులు పట్టింది. "మీ వరస: 2" అన్న చోట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

ఆదివారం మూలింటికి వెళ్ళింది ఆర్లిస్. రూబార్బ్ కేకు రూబెన్ చేతిలో పెట్టి, "ఎక్కువ చేశాను, మిగిలిపోయింది" అంది. ఈ ఊళ్ళో క్షమించమనడం అంటే ఇదే. అతను తలుపు పట్టుకుని ఒక క్షణం చూసి, "మిగలడం మంచిదైందండీ" అన్నాడు. సోమవారం పొద్దున ట్రక్కులోంచి మళ్ళీ చెయ్యి ఊపాడు.

అదే సోమవారం పది గంటలకి, కొరీన్ ఇంటి ముందు పచ్చికలో ఒక కుర్రది సుత్తితో కొయ్య దిగేసింది. దానికి తెల్ల బోర్డు తగిలించింది. ఇల్లు అమ్మబడును. గిన్నెలు కడుగుతున్న ఆర్లిస్ కిటికీలోంచి అంతా చూసింది. చేతిలో పళ్ళెం అలాగే నీళ్ళ కింద ఉండిపోయింది. వెళ్ళిపోతోందని కూడా చెప్పలేదు! చెప్పని సంగతులు ఇంకెన్నున్నాయో ఆ ఇంట్లో. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని ఊరికే అన్నారా? తమ్ముడి గుట్టు చేతిలో పెట్టినందుకు ఇదా ఫలం అనుకుంది. కోపం కంటే ముందు సిగ్గేసింది, తన మీద తనకే.

మంగళవారం కొరీన్ కంచె దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో రేకు కప్పిన మిఠాయి పళ్ళెం, ఇంకో చేతిలో పసుప్పచ్చ టేపు. ఆర్లిస్ తోటలో కలుపు తీస్తోంది. లేచి చేతులు దులుపుకుని వెళ్ళింది. ఇద్దరూ మోచేతులు ఆన్చే చోట ఆన్చలేదు.

"టేపు ఇచ్చేద్దామని. ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది."

"ఔను, ఉండిపోయింది."

కొరీన్ ఆమె మొహం చూసింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"గురువారం. నువ్వు నా భుజం పట్టుకున్నప్పుడు."

"అప్పుడే అడిగెయ్యాల్సింది ఆర్లిస్."

"నువ్వు ఏప్రిల్లోనే చెప్పెయ్యాల్సింది."

"చెప్పాను!" అంది కొరీన్. "చెప్పానే. లైల్ వచ్చిన వారమే. మీ బండి ఎంత పెద్దదో, మా కిటికీ నిండా అదే కనపడుతోందని అన్నానా లేదా?"

ఆర్లిస్‌కి గుర్తొచ్చింది. అంది, నిజమే. "మెచ్చుకున్నావనుకున్నా" అంది.

"ఎవరైనా అలా మెచ్చుకుంటారా? నువ్వు నవ్వి ఊరుకున్నావు. ఇంక నోరు తెరిచి ఎలా చెప్పను? నీతో తగువు పడటం నా వల్ల కాదు." కళ్ళు తుడుచుకుంది. "మోకాళ్ళు పోయాయి నాకు. ఇంకో చలికాలం మంచు తియ్యలేను. అరిజోనాలో మా చెల్లెలి దగ్గరికి పోదామనుకున్నా. ఇళ్ళు అమ్మిపెట్టే అమ్మాయి వచ్చి చూసి, ఆ బండి ఉన్నంతకాలం కారాపి చూసేవాడే ఉండడంది. బండి తియ్యమంటారు, మీరు వెనకవైపు పెట్టుకుంటారు అనుకున్నా. ఒట్టు. మనిషిని పంపించాలని కాదు."

"మనిషి సంగతి రాసింది నువ్వేగా."

కొరీన్ పళ్ళెం కంచె గుంజ మీద ఆన్చి పెట్టింది. "రెండంగుళాల కోసం ఎవరొస్తారులే అనిపించింది. పట్టించుకోరేమోనని మూడోది కూడా రాశాను."

ఆర్లిస్ కంచె మీద చెయ్యి వేసి పట్టుకుంది. "ఆ రెండూ తీసేసుంటే రాయడానికి అసలేమీ ఉండేది కాదు, కొరీన్."

"రెండా? ఏ రెండు?"

కొరీన్ నటించడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఆర్లిస్ ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసింది. గడ్డిలో చతికిలబడిన నలుగురు, నిమ్మరసం గ్లాసులు, డ్వేన్ లబలబ, ముప్ఫై ఏళ్ళ నవ్వులు. వాటిలో ఒక్కటీ అక్కడ లేదు.

"ఆ టేపుకి మొదటి రెండంగుళాలు లేవు. కంచె కట్టిన రోజే మీ ఆయన కోసేశాడు. నువ్వూ ఉన్నావక్కడ. రెండు తీసేసి చదవాలి."

కొరీన్ టేపు కొస లాగి చూసింది. నల్ల పట్టీ పక్కనే మూడో అంకె. "నాకెవరూ చెప్పలేదే ఆ సంగతి" అంది చిన్నగా.

"మా ఇంట్లో అందరికీ తెలుసు. నువ్వూ మా ఇంట్లో మనిషివే అనుకున్నా."

టేపు తీసుకుని ఆప్రాన్ జేబులో వేసుకుంది ఆర్లిస్. కొరీన్ రెండు చేతులతో పళ్ళెం ఎత్తి కంచె మీంచి ముందుకు చాపింది. "నిమ్మకాయ బార్లు. నీకిష్టమని చేశాను."

"వద్దు" అంది ఆర్లిస్.

"కొంచెం తీసుకో. మైలోకైనా."

"వద్దు."

కొరీన్ మొహంలో చిన్న ఆశ కదిలింది. మూడోసారి అడిగితే ఏం జరుగుతుందో పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషి. పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపింది. "నా మాట విని తీసుకోవే. ఎక్కువ చేశాను, పారబొయ్యాలి లేకపోతే."

"వద్దు కొరీన్" అంది ఆర్లిస్ మూడోసారి కూడా, కలుపు బుట్ట అందుకుని ఇంట్లోకి నడిచింది.